సిలాదారీ విధానం

సిలాదారీ విధానం అనేది భారతదేశపు అశ్వికదళాలలో చాలాకాలం అమలులో ఉన్న ఒక సైనిక ఏర్పాటు. ఈ పద్ధతిలో కొలువులో చేరే రౌతు తన గుర్రాన్ని, జీనును, దుస్తులను, కత్తిని, గుడారాన్ని తానే సమకూర్చుకోవాలి. వాటి మరమ్మతు, గుర్రపు మేత, గుర్రపువాని జీతం కూడా అతని జీతం నుండే వెళ్ళేవి. ఇందుకు బదులుగా ప్రభుత్వం అతనికి మామూలు సైనికునికంటే ఎక్కువ జీతం ఇచ్చేది. మొగలుల, మరాఠాల సైన్యాలలో వాడుకలో ఉన్న ఈ పద్ధతిని ఈస్టిండియా కంపెనీ తన సైన్యంలోకి తీసుకున్నది. 1857 తిరుగుబాటు తరువాత బ్రిటిష్ ఇండియా అశ్వికదళంలో అధికభాగం దీని కిందికి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ విధానపు లోపాలు బయటపడడంతో 1921-22 పునర్వ్యవస్థీకరణలో దీనికి స్వస్తి చెప్పారు.

పేరు పుట్టుక

"సిలాహ్" అనే అరబ్బీ పదానికి ఆయుధం అని అర్థం. "దార్" అనే పారశీక ప్రత్యయానికి కలిగినవాడు అని అర్థం. జమీందారు, సుబేదారు, హవల్దారు వంటి మాటల చివర ఉన్నది ఈ ప్రత్యయమే. కనుక సిలాదారు అంటే స్వంత ఆయుధాలు గలవాడు. మరాఠీలో ఇది "శిలేదార్" అయింది. ఇంగ్లీషు అధికారులు దీనిని "సిల్లదార్" అని పలికేవారు.

పూర్వ చరిత్ర

మొగలు సైన్యంలో మన్సబుదారుల కింద పనిచేసే రౌతులు రెండు రకాలు. స్వంత గుర్రంతో వచ్చినవాడు "ఖుదాస్పా". ఇతరుల గుర్రంపై స్వారీ చేసేవాడు "బార్గీరు". సొంత గుర్రం ఉన్నవానికి జీతం ఎక్కువ. లెక్కకు మంచి గుర్రాన్ని చూపి, కొలువుకు నాసిరకం గుర్రాన్ని తెచ్చే మోసాలను అరికట్టడానికి అక్బరు కాలంలో గుర్రాలకు వాత వేసే "దాగ్" పద్ధతిని అమలుచేశారు.

మరాఠా సైన్యంలోనూ ఈ విభజన ఉండేది. ప్రభుత్వపు గుర్రాలపై స్వారీ చేసేవారిని బార్గీర్లు అనీ, స్వంత గుర్రాలతో వచ్చేవారిని శిలేదార్లు అనీ పిలిచేవారు. శివాజీ తన అదుపులో ఉండే బార్గీర్లకు ప్రాధాన్యం ఇచ్చాడు. మైసూరులో హైదరాలీ సైన్యంలో కూడా సిలాదారు దళాలు ఉండేవి.

ఈ పాత పద్ధతిలో పెద్ద లోపం ఒకటి ఉన్నది. యుద్ధంలో గుర్రం చనిపోతే పరిహారం ఉండేది కాదు. గుర్రం పోయిన రౌతు జీవనాధారాన్నే కోల్పోయేవాడు. ప్రాణానికి తెగించినవాడు కూడా గుర్రాన్ని కాపాడుకోవడానికి వెనుకాడవలసి వచ్చేది. ఒక్కొక్కసారి రౌతుల వెనుకంజకు పిరికితనం కంటే ఈ భయమే కారణమని చరిత్రకారులు వ్రాశారు.

కంపెనీ సైన్యంలో

కంపెనీకి మొదట రెండు రకాల అశ్వికదళాలు ఉండేవి. "రెగ్యులర్" దళాలకు గుర్రం మొదలు బొత్తాము వరకు ప్రభుత్వమే ఇచ్చేది. "ఇర్రెగ్యులర్" దళాలు సిలాదారీ పద్ధతిలో నడిచేవి. వీటిలో ఆంగ్ల అధికారుల సంఖ్య తక్కువ, ఖర్చు కూడా తక్కువ. 1803లో జేమ్స్ స్కిన్నర్ నెలకొల్పిన స్కిన్నర్స్ హార్స్ వీటిలో ప్రసిద్ధమైనది. సింధు ప్రాంతపు అశ్వికదళాన్ని నడిపిన జాన్ జేకబ్ ఈ విధానాన్ని గట్టిగా సమర్థించిన అధికారులలో ఒకడు.

1857 తిరుగుబాటులో బెంగాల్ సైన్యపు రెగ్యులర్ అశ్వికదళాలు తిరగబడడమో, నిరాయుధం కావడమో జరిగింది. 1861 పునర్వ్యవస్థీకరణలో బెంగాల్ అశ్వికదళాన్ని సిలాదారీ పద్ధతిపైనే తిరిగి నిర్మించారు. క్రమంగా బొంబాయి సైన్యం కూడా అదే దారి పట్టింది. మద్రాసు సైన్యం మాత్రం మారలేదు. 1914 నాటికి భారత సైన్యంలోని 39 అశ్వికదళ రెజిమెంట్లలో మద్రాసుకు చెందిన 26, 27, 28వ లైట్ కావల్రీ రెజిమెంట్లు మూడు మాత్రమే సిలాదారీకి వెలుపల మిగిలాయి.

విధానం నడిచే తీరు

అసామీ: రెజిమెంటులో ఒక రౌతు స్థానాన్ని "అసామీ" అనేవారు. కొలువులో చేరేవాడు గుర్రానికి, సామగ్రికి అయ్యే మొత్తాన్ని రెజిమెంటుకు చెల్లించి ఈ స్థానాన్ని పొందేవాడు. తొలిరోజులలో ఇంటినుండి గుర్రాన్ని తోలుకొని వచ్చేవారు. తరువాత డబ్బు కట్టించుకొని రెజిమెంటే గుర్రాన్ని, సామగ్రిని కొనిపెట్టడం ఆచారమైంది. కొలువు విడిచేటప్పుడు ఆ మొత్తం అతనికి తిరిగి వచ్చేది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి కొన్ని రెజిమెంట్లలో అసామీ విలువ 500 రూపాయల దాకా చేరింది. అంత సొమ్ము ఒకేసారి కట్టగలిగినవారు తక్కువ కాబట్టి కొంత చేతిలో కట్టి, మిగిలినది నెలవారీగా జీతంలో కోయించుకునేవారు. ఉదాహరణకు 500 రూపాయల అసామీకి ఒక రౌతు 150 రూపాయలు ముందు కట్టి, మిగిలిన 350 రూపాయలను నెలకు 5 రూపాయల చొప్పున తీర్చాడనుకుంటే, అతని బాకీ తీరడానికి 70 నెలలు, అంటే దాదాపు ఆరేళ్ళు పడుతుంది.

బహుళ అసామీలు: స్థోమత గలవారు ఒకటికంటే ఎక్కువ అసామీలు కొని, తమ గుర్రాలపై బార్గీర్లను ఎక్కించేవారు. బార్గీరుకు జీతంలో కొంత ఇచ్చి మిగిలినది యజమాని తీసుకునేవాడు. దీనివల్ల ఒకే రెజిమెంటులో ఒక సైనికుడు మరొక సైనికునికి పెట్టుబడిదారు అయ్యేవాడు.

జీతం, ఖర్చులు: 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో పదాతిదళపు సిపాయి జీతం నెలకు 9 రూపాయలు కాగా, సిలాదారు రౌతు జీతం సుమారు 31 రూపాయలు. పైకి ఇది మూడు రెట్లకు పైగా కనిపిస్తుంది. అయితే గుర్రపు దాణా, దుస్తులు, జీను మరమ్మతు, అసామీ వాయిదా, ఇతర చందాలు అందులోనుండే పోవాలి. సామాన్లు మోయడానికి ఇద్దరు రౌతులకు కలిపి ఒక తట్టువగాని, కంచర గాడిదగాని ఉండేది. గడ్డి కోసి తెచ్చే గుర్రపువాడు కూడా ఇద్దరికీ ఉమ్మడే. ఈ ఖర్చూ వారిదే. అన్నీ పోగా చేతికి వచ్చేది పదాతి సిపాయి జీతానికి ఎంతో దూరంలో ఉండేది కాదు. ధాన్యం ధర పెరిగినప్పుడు అదీ తగ్గేది.

చందా నిధి: పాత పద్ధతిలోని లోపాన్ని సరిచేయడానికి రెజిమెంట్లలో "చందా నిధి" ఏర్పాటు చేశారు. ప్రతి రౌతు నెలనెలా కొంత చెల్లించేవాడు. ఎవరి గుర్రమైనా చనిపోతే లేదా పనికిరాకుండా పోతే ఈ నిధి నుండి కొత్త గుర్రానికి సొమ్ము ఇచ్చేవారు. ఒక విధంగా ఇది గుర్రాల బీమా. కాని బీమా సొమ్ము కూడా సైనికుల జేబునుండి వచ్చినదే.

ప్రభుత్వం ఇచ్చేది: తుపాకీ, తూటాలు మాత్రం ప్రభుత్వం ఇచ్చేది. పంజాబు కాలువల కింద కొన్ని రెజిమెంట్లకు గుర్రాల పెంపకానికి భూములు కూడా లభించాయి. ప్రోబిన్స్ హార్స్ రెజిమెంటు వారి ప్రోబినాబాదు క్షేత్రం ఇందుకు ఉదాహరణ.

హైదరాబాదు సంబంధం

తెలుగు ప్రాంతానికి ఈ విధానంతో సంబంధం నిజాం రాజ్యం ద్వారా ఏర్పడింది. నిజాం ఖర్చుతో, ఆంగ్ల అధికారుల ఆధ్వర్యంలో నడిచిన దళాలలోని అశ్వికులు సిలాదారీ పద్ధతిలో ఉండేవారు. 19వ శతాబ్దపు తొలి దశకాలలో ఈ దళాల జీతాలకు హైదరాబాదులోని విలియం పామర్ అండ్ కంపెనీ అప్పులిచ్చింది. బేరారు సవార్ల జీతాలకు ఇచ్చిన అప్పులు ఇందులో ముఖ్యమైనవి. జీతం ఆలస్యమైతే పదాతి సిపాయి తాను మాత్రమే పస్తుండవలసి వచ్చేది. సిలాదారు మాత్రం గుర్రాన్ని కూడా పోషించాలి. అందుచేత షావుకారు దగ్గరికి వెళ్ళక తప్పేది కాదు.

1853 సంధి ప్రకారం ఈ దళాలు "హైదరాబాదు కంటింజెంట్"గా ఏర్పడ్డాయి. వాటి ఖర్చు కోసం నిజాం బేరారు ప్రాంతాన్ని బ్రిటిష్ వారికి అప్పగించాడు. కంటింజెంటు ప్రధాన స్థావరం సికింద్రాబాదు సమీపంలోని బొల్లారం. 1858లో మధ్యభారతంలో సర్ హ్యూ రోజ్ నడిపిన దండయాత్రలో ఈ దళాలు పాల్గొన్నాయి. 1903లో కంటింజెంటును భారత సైన్యంలో కలిపివేయగా, దాని అశ్వికదళాల నుండి 20వ డెక్కన్ హార్స్, 29వ లాన్సర్స్ (డెక్కన్ హార్స్), 30వ లాన్సర్స్ (గోర్డన్స్ హార్స్) ఏర్పడ్డాయి. 20వ, 29వ రెజిమెంట్ల కలయికతో 1921లో ఏర్పడిన డెక్కన్ హార్స్ స్వతంత్ర భారత సైన్యంలో టాంకుల రెజిమెంటుగా కొనసాగుతున్నది.

గుణదోషాలు

ఈ విధానాన్ని సమర్థించినవారు మూడు కారణాలు చెప్పేవారు. మొదటిది, ప్రభుత్వానికి గుర్రాల కొనుగోలు, గిడ్డంగులు, గుమాస్తాల బెడద ఉండదు. రెండవది, సొంత సొమ్ము పెట్టిన రౌతు గుర్రాన్ని, సామగ్రిని శ్రద్ధగా చూసుకుంటాడు. మూడవది, డబ్బు పెట్టగల భూస్వామ్య కుటుంబాల వారు చేరడం వల్ల కొలువుకు గౌరవం ఉంటుంది.

దోషాలు కూడా స్పష్టంగా కనిపించేవి. బీదవాడు చేరాలంటే అప్పు చేయాలి. ఇర్రెగ్యులర్ దళాల రౌతులు రెజిమెంటు షావుకార్లకు బాకీ పడి ఉండడం 1857కు ముందు నుండి అధికారులు గమనించిన విషయమే. దుస్తులు, జీను, కత్తి ఎలా ఉండాలో ప్రతి రెజిమెంటు తనంతట తాను నిర్ణయించుకునేది. కొత్త అధికారి వచ్చి తలపాగా రంగో, కోటు కుట్టో మార్చితే ఆ ఖర్చు రౌతులపై పడేది. ఒక రెజిమెంటు సామగ్రి మరొక దానికి సరిపోయేది కాదు.

మొదటి ప్రపంచ యుద్ధం

సరిహద్దులలో జరిగే చిన్న దండయాత్రలకు ఈ విధానం సరిపోయింది. 1914లో భారత అశ్వికదళాలు ఫ్రాన్సుకు వెళ్ళవలసి వచ్చేసరికి పరిస్థితి మారిపోయింది. రౌతు, గుర్రం, జీను అన్నీ వేగంగా నష్టమవుతున్నచోట వేలమైళ్ళ దూరంలోని రెజిమెంటు డిపో వాటిని భర్తీ చేయలేకపోయింది. ఒక రెజిమెంటులోని ఖాళీలను మరొక రెజిమెంటు మనుషులతో నింపవలసి వచ్చినప్పుడు, ఎవరి అసామీ ఎక్కడిది, చనిపోయిన గుర్రం ఎవరి లెక్కలోనిది అన్న చిక్కులు తలెత్తాయి. నెలకు కొన్ని గుర్రాలు పోతాయన్న అంచనాతో ఏర్పడిన చందా నిధులు ఇటువంటి యుద్ధాన్ని తట్టుకోగలిగినవి కావు. చివరకు ప్రభుత్వమే గుర్రాలను, సామగ్రిని ఇవ్వవలసి వచ్చింది.

ఈ ఇబ్బందుల నడుమ కూడా దళాలు యుద్ధంలో పాల్గొన్నాయి. 1916 జూలై 14న సొమ్ యుద్ధంలో హైవుడ్ వద్ద 20వ డెక్కన్ హార్స్, 7వ డ్రాగూన్ గార్డ్స్ కలిసి బల్లాలతో దాడి జరిపాయి. మరఫిరంగుల కాలంలో జరిగిన అరుదైన అశ్వికదాడులలో ఇది ఒకటి.

రద్దు

యుద్ధానంతరం 1921-22లో 39 అశ్వికదళ రెజిమెంట్లను 21కి కుదించారు. దీనితోపాటు సిలాదారీ విధానం కూడా ముగిసింది. అప్పటినుండి గుర్రం, దుస్తులు, ఆయుధాలు ప్రభుత్వ బాధ్యత అయ్యాయి. గుర్రాల స్థానంలో టాంకులు వచ్చినా సవార్, దఫాదార్, రిసల్దార్ అనే హోదాల పేర్లు భారత సైన్యంలో నేటికీ నిలిచి ఉన్నాయి.

ఇతర కాలాలలో, ఇతర దేశాలలో

సైనికుడు తన సామగ్రికి తానే ఖర్చుపెట్టడం భారతదేశానికి మాత్రమే పరిమితం కాదు.

ప్రాచీన రోములో సైనికుల దుస్తుల ఖర్చు జీతంలో కోసేవారు. క్రీ.పూ. 123లో గాయస్ గ్రాకస్ చేయించిన చట్టం దుస్తులను ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలని చెప్పింది. అయినా క్రీ.శ. 14లో డాన్యూబ్ సరిహద్దున తిరగబడిన సైనికులు తమ కొద్దిపాటి జీతంలోనే దుస్తులు, ఆయుధాలు, గుడారాలు కొనుక్కోవలసి వస్తున్నదని ఫిర్యాదు చేసినట్లు చరిత్రకారుడు టాసిటస్ వ్రాశాడు.

బ్రిటిష్ సిపాయికి రోజుకు ఒక షిల్లింగు జీతం అని పేరే గాని, తిండికి, అవసర వస్తువులకు కోతలు పోగా మిగిలేది కొద్దిపాటి సొమ్మే.

2003లో ఇరాక్ యుద్ధం మొదలైనప్పుడు అమెరికా సైనికులలో చాలామందికి గుండు తగలకుండా కాపాడే పలకల కవచాలు అందలేదు. కొందరి కుటుంబాలు వాటిని బజారులో కొని పంపాయి. 2004 అక్టోబరులో ఆమోదం పొందిన చట్టం ద్వారా ఇటువంటి రక్షణ సామగ్రికి వస్తువుకు 1,100 డాలర్ల వరకు తిరిగి చెల్లించే ఏర్పాటు జరిగింది. అదే సంవత్సరం డిసెంబరులో కువైటులో ఒక సైనికుడు, తమ వాహనాలకు కవచంగా చెత్తకుప్పలలో పాత ఇనుము ఎందుకు ఏరుకోవలసి వస్తున్నదని రక్షణ కార్యదర్శి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్‌ను సూటిగా అడిగాడు.

భారతదేశంలో ఏడవ వేతన సంఘం సిఫారసుల తరువాత, 2017లో సైనికుల దుస్తుల భత్యాన్ని సంవత్సరానికి 10,000 రూపాయలుగా నిర్ణయించారు. భత్యం ముందుగా నిర్ణయమై ఉంటుంది, సైనికుడు అప్పు చేయనవసరం లేదు, ఆయుధాలు ప్రభుత్వానివే. ఈ మూడు విషయాలలో ఇది సిలాదారీకి భిన్నం. అయితే ధరలు పెరిగినప్పుడు భత్యం కూడా పెరగకపోతే ఆ తేడాను భరించేది సైనికుడే. సిలాదారు జీతం విషయంలోనూ జరిగినది ఇదే.

ఇవి కూడా చూడండి

మన్సబుదారీ విధానం
హైదరాబాదు కంటింజెంట్
బొల్లారం
మద్రాసు సైన్యం
1857 సిపాయిల తిరుగుబాటు