నిలబడి మాట్లాడే అలవాటు నిలిచేదెలా?

ఉద్దానంలో కిడ్నీ వ్యాధితో వైద్యుని ముందు కూర్చున్న మనిషికి దక్కేది కొద్ది నిమిషాలే. బాధ ఎప్పుడు మొదలైంది, నొప్పి బిళ్లలు ఎంతకాలం మింగాడు, ఇంట్లో మరెవరికైనా ఈ వ్యాధి ఉందా, తాగుతున్నది ఏ బావి నీరు, ఇవన్నీ ఆ కాస్త వ్యవధిలోనే వరుసగా చెప్పాలి. చాలామంది చెప్పలేరు. వెంట వచ్చిన బంధువు మాట అందుకుంటాడు, రోగి తల వంచుకుంటాడు, అసలు సంగతి ఇంటికి తిరిగి వెళ్లే బస్సులో గుర్తుకు వస్తుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వ్యాధికి మూలకారణం మాత్రం ఇంకా తేలలేదు. కారణం తేలని చోట రోగి చెప్పే మాటకు విలువ మరింత ఎక్కువ.

మాట అవసరం ఆసుపత్రితో ఆగదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అటువంటి విపత్తు తరువాత నష్టం రాసుకోవడానికి వచ్చినవారికి ఎన్ని చెట్లు పడిపోయాయో, భూమి ఎవరి పేరున ఉందో తడబడకుండా చెప్పగలగడం చిన్న విద్య కాదు. గ్రామసభలో తాగునీటి గురించి లేచి అడగడం, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తూ రెండు ముక్కలు విన్నవించడం, బడిలో బిడ్డ చదువు గురించి ఉపాధ్యాయుణ్ణి ప్రశ్నించడం కూడా ఇటువంటివే. సభలో మాట్లాడడం నేర్పే క్లబ్బు నగరాల్లోని ఉద్యోగుల కాలక్షేపం మాత్రమేనని అనుకునేవారు ఈ సందర్భాలను ఒకసారి తలచుకోవాలి.

ఈ క్లబ్బులలో ప్రపంచమంతటా పేరు పొందినది టోస్ట్‌మాస్టర్స్. హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ దాని శాఖలు ఉన్నాయి. సమావేశం తీరు చాలా సరళం. ముందుగా సిద్ధమై వచ్చినవారు ఐదు నుంచి ఏడు నిమిషాలు ప్రసంగిస్తారు. తరువాత అప్పటికప్పుడు ఇచ్చిన అంశంపై ఒకటి రెండు నిమిషాలు మాట్లాడే భాగం ఉంటుంది. చివర ఒక్కో ప్రసంగాన్ని మరో సభ్యుడు రెండు మూడు నిమిషాలలో సమీక్షిస్తాడు. ఒకరు గడియారం చూస్తూ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులతో సమయం తెలియజేస్తారు. మరొకరు వక్త ఎన్నిసార్లు అనవసరపు ఊతపదాలు వాడాడో లెక్కిస్తారు. మన తెలుగులో ఈ పనికి కూర్చున్నవానికి చేతినిండా పనే. ‘అంటే’, ‘మరి’, ‘ఏంటంటే’, ‘అదే’ అనే నాలుగింటితోనే పుస్తకం పేజీ నిండిపోతుంది.

ఈ సంస్థ పుట్టుకలో మనకు పనికివచ్చే సంగతి ఒకటి ఉంది. రాల్ఫ్ స్మెడ్లీ అనే వ్యక్తి అమెరికాలో వై.ఎం.సి.ఎ. ఉద్యోగిగా ఉంటూ 1905లో ఇల్లినాయిస్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో యువకులకు మాట్లాడడం నేర్పే బృందాన్ని ప్రారంభించాడు. అతనికి మరో ఊరికి బదిలీ అయింది, బృందం చెదిరిపోయింది. కొత్త ఊరిలో మళ్లీ ఒకటి పెట్టాడు. అక్కడి నుంచి అతడు వెళ్లిపోగానే అదీ చల్లబడింది. ఇలా దాదాపు ఇరవై ఏళ్లు గడిచాయి. చివరకు 1924 అక్టోబరు 22న కాలిఫోర్నియాలోని శాంటా అనాలో మొదలుపెట్టిన క్లబ్బు నిలిచింది, చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. తొలి బృందాలలో ఉత్సాహం తక్కువేమీ కాదు. అవి ఒక్క మనిషి భుజాల మీద నడిచాయి, అంతే.

మన ఊళ్లలో యువజన సంఘాలు, పఠన మందిరాలు, రాత్రి బడులు ఎలా ఆగిపోయాయో ఎరిగినవారికి ఇది కొత్త కథ కాదు. ఉద్దానంలో ఈ కష్టం ఇంకా ఎక్కువ. పని వెతుక్కుంటూ దూర రాష్ట్రాలకూ విదేశాలకూ వెళ్లే యువకులు ఈ తీరంలో ఎందరో. క్లబ్బు పెట్టిన కుర్రవాడే ఆరు నెలలకు వలస వెళ్లిపోతాడు. వేసవి వస్తే జీడిపిక్కల ఏరివేతలో ఇంటిల్లిపాదీ తోటలోనే ఉంటారు.

అయినా ఎక్కువకాలం ఒక పనిని ఆపకుండా నడిపిన అనుభవం ఈ నేలకు లేకపోలేదు. సోంపేట దగ్గర బీల చిత్తడి నేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు ఉద్యమించారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ తరువాత కూడా రిలే నిరాహార దీక్షలు ఏళ్ల తరబడి సాగాయి. ఆ ఉద్యమంలోని మంచిచెడ్డలు ఎవరి దృష్టి వారిది. దీక్షా శిబిరం అన్నేళ్లు ఎలా నడిచిందన్నదే ఇక్కడ చూడవలసినది. రిలే అంటేనే వంతు. ఈ రోజు కూర్చున్నవారు రేపు పొలానికి, వేటకు వెళ్లవచ్చు. రేపటి వంతు వేరొకరిది. ఎవరూ రోజూ రానక్కరలేదు, శిబిరం మాత్రం రోజూ ఉంటుంది.

టోస్ట్‌మాస్టర్స్ సమావేశాన్ని పరిశీలించినా కనిపించేది ఈ వంతే. సమయం చూసేవారు, ఊతపదాలు లెక్కించేవారు, సమీక్షించేవారు, సభ నడిపేవారు ప్రతిసారీ మారుతుంటారు. ప్రసంగించే ధైర్యం లేని కొత్త సభ్యుడు కూడా వచ్చే వారం గడియారం పట్టుకోవాలి గనుక వస్తాడు. తాను రాకపోతే ఒక కుర్చీ ఖాళీగా ఉంటుందని అతనికి తెలుసు. మొదటి ప్రసంగం నాడు వచ్చిన చప్పట్లు మనిషిని ఒకటి రెండు వారాలు మాత్రమే రప్పిస్తాయి. ఆ తరువాత అతణ్ణి రప్పించేది ఈ చిన్న బాధ్యతే.

కొత్త అలవాటు 21 రోజుల్లో స్థిరపడుతుందనే మాట బాగా ప్రచారంలో ఉంది. అది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు 1960లో వెలువరించిన పుస్తకం నుంచి పాకింది. ముఖానికి శస్త్రచికిత్స అయినవారు కొత్త రూపానికి అలవాటు పడడానికి కనీసం మూడు వారాలు పడుతున్నదని ఆయన గమనించాడు. ‘కనీసం’ అనే మాట నోట నోట తిరుగుతూ రాలిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిపా లాలీ, ఆమె సహచరులు 96 మందిని పరిశీలించి 2009లో వెల్లడించిన ఫలితం వేరుగా ఉంది. అలవాటు అప్రయత్నంగా సాగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషికీ మనిషికీ తేడా 18 రోజుల నుంచి 254 రోజుల దాకా కనిపించింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని కూడా వారు గుర్తించారు. ఒక వారం రానందుకు సిగ్గుపడి శాశ్వతంగా మానేసే సభ్యులకు ఈ చివరి సంగతి చెప్పి తీరాలి.

అయితే వారానికి ఒకసారి జరిగే సమావేశం ఒక్కటే అలవాటు కాజాలదు. మధ్యలోని ఆరు రోజులలో చిన్న సాధన ఉండాలి. దానికి వేరే సమయం కేటాయిస్తే నిలవదు, ఇప్పటికే నిలకడగా ఉన్న పనికి ముడివేయాలి. మన ఇళ్లలో రోజుకు ఐదుసార్లు వచ్చే నమాజు వేళలు అటువంటి ముడికి అనువైనవి. ఫజ్ర్ తరువాత రెండు నిమిషాలు ఒక అంశంపై గొంతెత్తి మాట్లాడుకోవడం, లేదా ఇషా తరువాత పిల్లలతో ఆ రోజు జరిగినది వరుసగా చెప్పించడం చాలు. కొద్దిపాటిదైనా నిలకడగా సాగే ఆచరణకు మన ధర్మం ఇచ్చిన స్థానం పాఠకులకు తెలిసినదే. శ్రీకాకుళం జిల్లాలో ముస్లిం కుటుంబాలు చాలా తక్కువ. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు వినిపించే ఇళ్లలో పెరిగే పిల్లలు తెలుగులో నలుగురి ఎదుట నిలబడడానికి జంకడం సహజం. వారికి ఈ రెండు నిమిషాలు మరీ అవసరం.

మన యాస గురించి కూడా ఒక మాట. ఉద్దానపు పలుకుతో సభలో మాట్లాడితే నవ్వుతారేమోనన్న భయంతో మానేసినవారు ఉన్నారు. వాడుక భాషకు గౌరవం తెచ్చిన గిడుగు రామమూర్తి ఈ జిల్లావాడే. ఆయన 1863లో పర్వతాలపేటలో పుట్టి, టెక్కలికి పొరుగున ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. సవరల భాష నేర్చుకుందామని కొండలకు వెళ్లి మలేరియా బారిన పడ్డాడు. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. నేర్చుకోవడం మానలేదు. ఆయన సవర భాషా గ్రంథం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. యౌవనంలో మొదలైన పనికి అచ్చు రూపం వృద్ధాప్యంలో వచ్చింది. 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో ఆయన నాలుగు గంటలు ప్రసంగించాడు. చెవులు సరిగా వినపడని మనిషి నాలుగు గంటలు సభను నిలిపాడంటే, ఆయన పుట్టిన జిల్లావారు యాసకు సిగ్గుపడనక్కరలేదు.

టోస్ట్‌మాస్టర్స్ సంస్థ స్త్రీలకు తలుపు తెరిచింది 1973లో, అంటే దాదాపు అర్ధశతాబ్దం ఆలస్యంగా. మనం అంతకాలం ఆగవలసిన పని లేదు. జీడిపప్పు కర్మాగారాల్లో పప్పు ఒలిచే పని అధికంగా స్త్రీలదే. కూలి రేటు గురించి యజమానితో మాట్లాడవలసింది వారే, బిడ్డ జ్వరం గురించి వైద్యునికి చెప్పవలసిందీ వారే. సోదరీమణులు ఎనిమిది, పదిమంది ఒక ఇంట్లో మధ్యాహ్నం వేళ గంటసేపు కూర్చుంటే చాలు. శాఖగా నమోదు కావడానికి ఇరవై మంది కావాలని సంస్థ నియమం. నేర్చుకోవడానికి ఆ నియమం అడ్డు కాదు.

ఏప్రిల్, మే నెలల్లో తోటపని ముమ్మరంగా ఉన్నప్పుడు సమావేశం పదిహేను రోజులకు ఒకసారి చేసుకోవచ్చు. రమజాన్‌లో అరగంటకు కుదించుకోవచ్చు. ఎంత తగ్గించినా తేదీ మాత్రం ముందే ప్రకటించాలి. ఊరు విడిచి వెళ్లే సభ్యుడు తన బాధ్యత ఎవరికి అప్పగించాడో చెప్పి వెళ్లాలి. వంతుల పట్టిక రాసిన పుస్తకం, క్లబ్బు మొదలుపెట్టినవారి ఇంట్లో కాక, మూడు నెలలకు ఒకసారి మారుతూ వేరొకరి ఇంట్లో ఉండాలి.