పెళ్లయి అమెరికా వెళ్లిన ఏడాది ఇండియా జీతం సంగతేంటి? జాయింట్ రిటర్న్‌పై సంతకం చేసే ముందు తెలుసుకోవాల్సినవి

ఖరగ్‌పూర్ రైల్వే ఉద్యోగుల ఇళ్లలో పన్ను అనగానే గుర్తొచ్చేది ఫామ్-16. ఝపటాపూర్ లాంటి పేటల్లోని తెలుగు కుటుంబాల్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైనా ఎవరి పాన్ వారిది, ఎవరి రిటర్న్ వారిది. మన ఆదాయపు పన్ను చట్టంలో దంపతులు కలిసి రిటర్న్ వేసే పద్ధతే లేదు. అలాంటి వెసులుబాటు ఇవ్వాలని 2025 బడ్జెట్‌కు ముందు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ సూచించినా, బడ్జెట్‌లో దానికి చోటు దక్కలేదు.

అందుకే ఇక్కడ ఉద్యోగం మానేసి, హెచ్-4 వీసాపై భర్త దగ్గరికి వెళ్లే అమ్మాయికి అమెరికా 'జాయింట్ రిటర్న్' పూర్తిగా కొత్త. కలిపి వేస్తే పన్ను తగ్గుతుందని అందరూ చెబుతారు. చాలాసార్లు అది నిజమే. అయితే దానికి బదులుగా ఆమె ఇండియాలో సంపాదించినది కూడా చూపించాలి, ఆ రిటర్న్ మొత్తానికి ఆమె కూడా బాధ్యత వహించాలి.

అమెరికా ఆమెను ఎలా చూస్తుంది?

అమెరికా పన్ను ఏడాది జనవరి నుంచి డిసెంబర్ వరకు. డిసెంబర్ 31 నాటికి పెళ్లయి ఉంటే, ఆ ఏడాదంతా వివాహితులుగానే లెక్క.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. హెచ్-1బీపై కొన్నేళ్లుగా అక్కడే ఉన్న భర్త 2025 జీతం 90,000 డాలర్లు. భార్య ఖరగ్‌పూర్‌లో నెలకు 50,000 రూపాయల ఉద్యోగం జులై వరకు చేసి, ఆగస్టు 11న అమెరికాలో దిగింది.

రోజుల లెక్క ప్రకారం అమెరికా రెసిడెంట్ కావాలంటే 183 రోజులు ఉండాలి. అంతకుముందు రెండేళ్లలో అక్కడ ఉన్న రోజుల్లో కొంత భాగం కూడా ఇందులో కలుపుతారు. మొదటిసారి వెళ్లిన ఆమెకు 143 రోజులే వచ్చాయి కాబట్టి ఆమె నాన్-రెసిడెంట్. మామూలుగా అయితే జాయింట్ రిటర్న్ కుదరదు. కానీ ఒకరు రెసిడెంట్ అయితే, రెండోవారిని కూడా ఏడాది పొడవునా రెసిడెంట్‌గానే పరిగణించమని దంపతులు కోరవచ్చు. ఇద్దరూ సంతకం చేసిన ప్రకటనను రిటర్న్‌కు జతచేయాలి.

ఎంత తేడా వస్తుంది?

2025కి దంపతులు కలిపి వేస్తే స్టాండర్డ్ డిడక్షన్ 31,500 డాలర్లు. విడిగా వేస్తే 15,750 డాలర్లే.

భర్త విడిగా వేస్తే ఫెడరల్ పన్ను సుమారు 11,250 డాలర్లు. కలిపి వేస్తే భార్య ఏడు నెలల జీతం 3.5 లక్షల రూపాయలు కూడా చేరుతుంది. డాలర్‌కు 85 రూపాయలు అనుకుంటే అది దాదాపు 4,118 డాలర్లు. అది కలిపినా పన్ను సుమారు 7,040 డాలర్లు. అంటే 4,200 డాలర్లకు పైగా ఆదా. రాష్ట్రాల పన్ను లెక్క వేరు.

భార్యకు ఇండియాలో పెద్ద జీతం, అద్దెలు, షేర్ల లాభాలు ఉంటే ఈ ఆదా తగ్గిపోవచ్చు. అందుకే రెండు విధాలుగా లెక్క వేసి చూశాకే నిర్ణయించుకోవాలి.

ఒకే జీతంపై రెండుసార్లు పన్నా?

రెండు దారులున్నాయి. ఒకటి, ఇండియాలో కట్టిన పన్నును ఫామ్ 1116 ద్వారా అమెరికా పన్నులోంచి తగ్గించుకోవడం. భారత్, అమెరికా మధ్య 1989లో కుదిరిన ఒప్పందం కూడా ఈ ఊరటనిస్తుంది. అయితే ఇండియాలో నిజంగా పన్ను కట్టి ఉండాలి. మన ఉదాహరణలోని జీతానికి కొత్త పన్ను విధానంలో రిబేటు వల్ల ఇక్కడ పన్ను సున్నా. తగ్గించుకోవడానికి ఏమీ ఉండదు.

అప్పుడు రెండో దారి, ఫామ్ 2555. పని చేసిన, స్థిరంగా ఉన్న చోటు విదేశమై, వరుసగా 12 నెలల్లో 330 పూర్తి రోజులు అమెరికా బయట ఉంటే, అక్కడ సంపాదించిన జీతాన్ని ఒక పరిమితి వరకు మినహాయించుకోవచ్చు. ఏడాది మొత్తానికి 2025 పరిమితి 1,30,000 డాలర్లు. అర్హత ఉన్న రోజుల నిష్పత్తిలో అది తగ్గుతుంది. ఇది జీతానికే వర్తిస్తుంది, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీకి కాదు. మినహాయించుకున్న జీతంపై మళ్లీ పన్ను క్రెడిట్ అడగకూడదు.

ఇండియా వైపు మర్చిపోయే విషయం

ఉద్యోగం కోసం విదేశం వెళ్లే భారతీయులు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజుల కంటే తక్కువ ఉంటే నాన్-రెసిడెంట్లు అవుతారు. భార్యగా హెచ్-4పై వెళ్లడం ఉద్యోగం కోసం వెళ్లడం కాదు. ఆమెకు వర్తించేది 60 రోజుల నిబంధన. ఆ ఏడాది 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడ ఉంటే ఆమె రెసిడెంటే.

మన ఉదాహరణలో ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 10 వరకు 132 రోజులు. కాబట్టి 2025-26కి ఆమె ఇండియాలో రెసిడెంట్. భర్తతో కలిసి అమెరికాలో తెరిచిన బ్యాంకు ఖాతాను కూడా ఇక్కడి రిటర్న్‌లోని షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపాలి.

తర్వాతి ఏడాది రోజుల లెక్కతో అమెరికా రెసిడెంట్ అయ్యాక బాధ్యత అటువైపు ఉంటుంది. ఇండియాలోని ఖాతాల మొత్తం ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బీఏఆర్ దాఖలు చేయాలి. ఎన్‌ఆర్‌ఈ ఖాతా వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా, అమెరికాలో ఉంటుంది.

సంతకం అంటే బాధ్యత

జాయింట్ రిటర్న్‌లో పన్ను బాకీ, వడ్డీ, జరిమానా మొత్తానికి ఇద్దరూ బాధ్యులే. భర్త ఆదాయం తక్కువ చూపితే భార్య దగ్గర కూడా వసూలు చేయవచ్చు. తర్వాత విడాకులైనా ఆ బాధ్యత దానంతటదే పోదు. తనకు తెలియకుండా జరిగిందని ఫామ్ 8857 ద్వారా ఊరట కోరవచ్చు గానీ, నిరూపించుకోవాలి. 'ఇక్కడ సంతకం పెట్టు' అంటే పెట్టేయకుండా, రిటర్న్ కాపీ అడిగి చదివి దగ్గర ఉంచుకోవడం ఆమె హక్కు.

బయల్దేరే ముందు

అమెరికా క్యాలెండర్ ఏడాది మన రెండు ఆర్థిక సంవత్సరాల్లో పడుతుంది. కాబట్టి ఒక్క ఫామ్-16 చాలదు. జనవరి నుంచి చివరి నెల వరకు పే స్లిప్పులు, రెండేళ్ల ఫామ్-16లు, ఫామ్ 26ఏఎస్, బ్యాంకు, పీఎఫ్, మ్యూచువల్ ఫండ్ స్టేట్‌మెంట్లు దాచుకోవాలి. ఆధార్, పాన్, బ్యాంకుకు అనుసంధానమైన మొబైల్ నంబర్ ఆపేయకూడదు. ఓటీపీ దానికే వస్తుంది. స్థిరపడటానికి వెళ్తున్నట్లయితే మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించాలి.

హెచ్-4పై పని అనుమతి లేని భార్యకు సోషల్ సెక్యూరిటీ నంబర్ రాదు. ఐటీఐఎన్ కోసం ఫామ్ డబ్ల్యూ-7ను మొదటి రిటర్న్‌తో కలిపి పంపాలి. రిటర్న్ గడువు ఏప్రిల్ 15. పాస్‌పోర్టు ధ్రువీకరణకు సమయం పడుతుంది కాబట్టి, ఆ పని జనవరిలోనే మొదలుపెట్టడం మేలు.