ఊరెళ్తే... కొత్త దారి దొరికింది!

ఇంట్లో బల్ల మీద బుల్లి రైలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఇంకో స్టేషన్ పెట్టాలి, కొండ కింద సొరంగం కట్టాలి అని అనుకుంటూనే ఉంటాం. పొద్దున ఆఫీసు, సాయంత్రం పిల్లల చదువులు, ఆదివారం చుట్టాలు. ఏళ్లు గడిచిపోతాయి. రైలు మాత్రం ఆ పాత చుట్టులోనే! నమూనా రైళ్లంటే ప్రాణం పెట్టే చాలామందికి ఉండే బెంగే ఇది. విచిత్రం ఏంటంటే... ఈ సరదాలో పేరు తెచ్చుకున్న కొందరికి దారి దొరికింది ఇంట్లో కాదు, ఇల్లు వదిలి వెళ్లినప్పుడు.

ఓ సెలవు... ఓ ఫోను

2000 సంవత్సరం వేసవి. జర్మనీలోని హాంబర్గ్‌లో కవల సోదరుడు గెరిట్‌తో కలిసి నైట్‌క్లబ్ నడిపే ఫ్రెడరిక్ బ్రౌన్ సెలవులకని జ్యూరిచ్ వెళ్లాడు. వీధిలో నమూనా రైళ్ల దుకాణం కనిపించింది. చిన్ననాటి కల గుర్తొచ్చింది. వెంటనే అన్నదమ్ముల మధ్య ఫోను... ప్రపంచంలోకెల్లా పెద్ద నమూనా రైల్వే కడదామని! 2001 ఆగస్టులో 'మినియాటూర్ వుండర్‌లాండ్' తలుపులు తెరుచుకున్నాయి. ఇప్పుడక్కడ 15 కిలోమీటర్లకు పైగా పట్టాలు, వెయ్యికి పైగా రైళ్లు ఉన్నాయి.

హోటల్ గదిలో నగరం

బ్రిటిష్ గాయకుడు రాడ్ స్టీవార్ట్ సంగతి మరీ తమాషా. 124 అడుగుల పొడవు, 23 అడుగుల వెడల్పున 1940ల నాటి అమెరికా నగరాన్ని, అందులో తిరిగే రైళ్లను లాస్‌ఏంజెలెస్‌లోని తన ఇంట్లో కట్టుకున్నాడు. పట్టిన కాలం 23 ఏళ్లు. 2019లో ఆ సంగతి బయటపెట్టాడు. కచేరీలకని దేశాలు తిరిగే మనిషికి తీరికెక్కడిది? బస చేసే హోటల్‌లో ముందుగానే ఇంకో గది అడిగేవాడు. వాళ్లు మంచాలు తీసేసి, గాలి ఆడేలా ఫ్యాన్లు పెట్టేవారు. రంగులు, పనిముట్లు పెట్టెల్లో వెంట వెళ్లేవి. మేడలు అక్కడే తయారయ్యేవి.

పెన్సిలు చాలు

మనకు రెండో గది అక్కర్లేదు. ఓ నోట్‌బుక్, స్కేలు, పెన్సిలు, రబ్బరు చాలు. నమూనా పట్టాల ప్లాన్ గీయడంలో గురువనదగ్గ అమెరికా ఇంజినీరు జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ పద్ధతి ఒకటుంది. ముందు రెండు జాబితాలు రాసుకోవాలి. ఒకటి మార్చలేనివి: గది కొలతలు, తలుపు, కిటికీ, పెట్టగలిగే డబ్బు. రెండోది ఉంటే బాగుండేవి: వంతెన, గూడ్సు యార్డు, రెండు స్టేషన్లు. వాటిలో ముందు ఏది కావాలో తేల్చుకున్నాకే గీత గీయాలి.

ఉదాహరణకు, అసలు రైలులో 87వ వంతుండే 'హెచ్‌ఓ' రైలునే తీసుకుందాం. ఒక పట్టా మీదుగా ఇంకోటి వెళ్లాలంటే కనీసం 3 అంగుళాల ఎత్తు కావాలి. నూటికి రెండు చొప్పున ఎక్కిస్తే అందుకు 150 అంగుళాలు, అంటే పన్నెండున్నర అడుగులు పడుతుంది. దిగడానికీ అంతే! మన ప్లైవుడ్ చూస్తే 8 అడుగులే. ఈ సంగతి కాగితం మీద తెలిస్తే రబ్బరు అరుగుతుంది. పట్టాలు బిగించాక తెలిస్తే జేబు ఖాళీ అవుతుంది.

మిగిలేది ఏమిటి?

కాలిఫోర్నియాలో జాన్ అలెన్ కట్టిన 'గోరీ అండ్ డిఫీటెడ్' నమూనా రైల్వే ప్రపంచమంతా పేరు పొందింది. 1973 జనవరిలో ఆయన చనిపోయారు. కొద్ది రోజులకే అది మంటల్లో కాలిపోయింది. ఏళ్ల శ్రమ బూడిదైనా ఫొటోలు, ప్లాన్లు మిగిలాయి. వాటిని చూసి నేర్చుకున్నవాళ్లు ఎందరో!

అందుకే తీరిక దొరికాక చూద్దామని వాయిదా వేయకండి. ఈసారి ఊరెళ్లినప్పుడు సంచిలో ఓ నోట్‌బుక్ పెట్టుకోండి. అలాగని సెలవంతా దానికే ఇచ్చేస్తే ఇంట్లోవాళ్లు ఊరుకోరు. వాళ్లు లేవకముందు ఓ గంట చాలు. లేచాక పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, స్టేషన్ ఎక్కడ పెడదామో అడగండి. మీకు తట్టని చోటు వాళ్లకి తడుతుందేమో!