కొండకూ మనిషికీ ఒకే చూపు

బెంగళూరు కనకపుర రోడ్డులోని తాతగుణి ఎస్టేట్ అనగానే వాల్తేరులో పుట్టిన నటి దేవికారాణి గుర్తొస్తారు. 1945లో ఆమెను పెళ్లాడిన రష్యన్ చిత్రకారుడు స్వెతొస్లావ్ రోరిక్ (1904–1993) ఆ తర్వాత ఈ ఎస్టేట్‌లోనే స్థిరపడి, ప్రకృతి దృశ్యాలూ మనుషుల ముఖాలూ గీస్తూ వచ్చారు. ఈ రెండూ వేర్వేరు విద్యలు కావనడానికి ఆయన బొమ్మలే సాక్ష్యం. తండ్రి నికొలస్‌ను గీసిన చిత్రాల్లో తెల్లని గడ్డం, నిశ్చలమైన చూపు, వెనక కొండలు కనిపిస్తాయి. ఆ కొండలు అలంకారం కోసం వేలాడదీసిన తెర కాదు. కులూ లోయలో చివరి ఏళ్లు గడిపిన ఆ మనిషి జీవితంలో అవీ భాగమే.

పాత పార్లమెంటు భవనం సెంట్రల్ హాల్లోని నెహ్రూ చిత్రమూ రోరిక్‌దే. ఇలాంటి పెద్దల బొమ్మలు మర్యాద కోసం వేసేవని, అసలు కళ ప్రకృతి చిత్రాల్లోనే ఉందని కొందరంటారు. మర్యాద కోసం వేసే బొమ్మలు లేకపోలేదు. కానీ కొండ వాలు కాస్త మారినా అడిగేవారుండరు. ముఖంలో పోలిక తప్పితే ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. పూలకుండీ గీస్తూ వెలుగునీడలు నేర్చిన చేతికి ముఖం అంతకన్నా కఠినమైన పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గిన కన్ను కొండను కూడా ఉజ్జాయింపుగా చూడదు. బెంగళూరు వెళ్తే కర్ణాటక చిత్రకళా పరిషత్‌లో రోరిక్ తండ్రీకొడుకుల చిత్రాల ముందు కాసేపు నిలబడండి. దృశ్యాన్నీ ముఖాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి.