మీకు తెలుసా? క్యాప్సికం కూడా ఒకప్పుడు ‘మ్యాంగో’యే!

నూజివీడు మామిడి సీమకు ముఖద్వారమైన హనుమాన్ జంక్షన్‌లో రోజూ వినే ఇంగ్లిష్ మాటలకూ పెద్ద చరిత్రే ఉంది.

• మ్యాంగో: దక్షిణాది ‘మాంగా’ పోర్చుగీసుల ద్వారా ఇంగ్లిష్‌లోకి చేరింది. మామిడిపండు ఓడ ప్రయాణంలో పాడయ్యేది. అందుకే అమెరికా వలసలకు ముందుగా ఊరగాయే అందింది. దాంతో అక్కడ ఊరబెట్టిన ఇతర కాయలనూ ‘మ్యాంగో’ అన్నారు. కొన్ని రాష్ట్రాల్లో క్యాప్సికానికి ఆ పేరే నిలిచింది.

• జంక్షన్: ‘కలపడం’ అనే లాటిన్ మాట దీనికి మూలం. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దారులు కలిసే ఊరికి తగిన పేరు.

• బాండికూట్: ఇది అచ్చంగా మన పందికొక్కే! దానితో చుట్టరికం లేని ఒక ఆస్ట్రేలియా సంచిజీవికీ ఇదే పేరు పెట్టారు.

తెలుగు మాట ఖండాలు దాటిన సంగతి మీ పిల్లలకూ చెప్పండి.