ఆదివారం అబిడ్స్, సోమవారం నాంపల్లి

పది నిమిషాల్లో పాలప్యాకెట్ గుమ్మంలోకి రాకపోతే ఫోన్ తీసి చిరాకుపడే ఊరు మనది. ఇంటర్వ్యూలను కూడా ఒకటిన్నర స్పీడులో పెట్టుకుని వింటాం. ఈ ఊరి మనుషులే ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద గొంతుక్కూచుని, దుమ్ముకు తుమ్ముకుంటూ, పాత పుస్తకాల గుట్టను అడుగుదాకా కెలుకుతుంటారు. ‘ఆరామ్ సే దేఖో సాబ్’ అంటాడు అమ్మేవాడు, చాయ్ చప్పరిస్తూ.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే అర్మేనియన్ ఇక్కడ దుకాణం పెట్టాడు. ఆయన పేరే ఈ పేటకు మిగిలింది. వారమంతా బట్టలకూ చెప్పులకూ కిటకిటలాడే చోట ఆదివారం చాలా షాపులకు సెలవు. దించిన షట్టర్ల ముందు పట్టాలు పరిచి పుస్తకాలు పోస్తారు. పైన కనబడేవి ఎంట్రన్స్ గైడ్లు, ఇంగ్లిషు థ్రిల్లర్లు. తెలుగు కావాలంటే కిందికి పోవాలి.

పేరు చెప్పి అడిగేవాడికి ఇక్కడ దొరికేది తక్కువ. అమ్మేవాళ్లలో కొందరికి తెలుగు చదవడం రాదు, లావు చూసి ధర చెబుతారు. కాబట్టి ఏదీ వెతకనట్టు వెతకాలి. అట్ట ఊడినదాన్ని తిరగేస్తే మాస్కో రాదుగ ప్రచురణాలయం వాళ్ల తెలుగు అనువాదం కావచ్చు. ‘అతడు-ఆమె’ రాసిన ఉప్పల లక్ష్మణరావు మాస్కోలో ఉండి అలాంటి అనువాదాలే చేశారు. ఆ సోవియట్ దేశం పేరే మారిపోయింది గానీ పుస్తకం కుట్టు మాత్రం ఊడలేదు. దాని పక్కనే 1947లో మొదలైన చందమామ తాలూకు ఏ డెబ్బైల నాటి సంచికో, మీద ఎవరో పిల్లాడు బాల్‌పెన్నుతో మీసాలు పెట్టిన రాజుగారితో సహా.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇంటి బైండ్లు. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు కోసుకుని, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ కాగితం అట్ట వేసుకున్నవి. యండమూరి ‘తులసిదళం’ ఆంధ్రభూమిలో సీరియల్‌గా వచ్చిన రోజుల్లో చాలా ఇళ్లలో ఈ పని జరిగేది. అలాంటి ఓ బైండు విప్పితే కథ పక్కనే సగం తెగిన వంకాయ కూర, కీళ్లనొప్పుల తైలం ప్రకటన. మధ్యలో ఒక వారం సంచిక దొరకలేదు కాబోలు, ఆ భాగాన్ని రూళ్ల కాగితాల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి కలిపి కుట్టారు. ఎవరింట్లోనో అరువు తెచ్చుకుని, తిరిగి ఇచ్చేలోగా రాసుకుని ఉండాలి.

అది చూసి ఆ కాలం జనానికి ఓపిక ఎక్కువని తేల్చేయకండి. వచ్చే వారం భాగం ముందే చదివే దారి వాళ్లకు లేదు, అంతే. ఉంటే తెల్లారేలోగా మొత్తం చదివేసి ఉండేవాళ్లు, మనలాగే. బస్టాండుకెళ్లి పత్రికల కట్ట విప్పేదాకా పడిగాపులు పడ్డ బాబాయిలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు కదా! ఎదురుచూపులు వాళ్లు కోరుకున్నవి కావు. ఆ రూళ్ల కాగితాలు మాత్రం ఎవరూ అడగకుండా చేసినవి. మెచ్చుకోవాల్సింది వాటినే.

ఈ తేడా గుర్తుంచుకునే నాంపల్లి వైపు నడవాలి. ఆటో అక్కర్లేనంత దగ్గర. ఏటా జూన్‌లో మృగశిర కార్తె నాడు ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని వారి చేపమందు కోసం రాత్రంతా వరసలో ఉండే ఆస్తమా రోగులను చూడొచ్చు. ఆ మందును వైద్యులు ఒప్పుకోరు, ఆ వాదన వేరు. ఊపిరాడని మనిషి క్యూలో నిలబడితే దాన్ని సహనమని పొగడటం నాకు చేతకాదు.

సోమవారం నాంపల్లి క్రిమినల్ కోర్టుల వరండాల్లో ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ తిరిగేవాళ్లలో చెక్ బౌన్స్ కేసువాళ్లు బోలెడుమంది. చేబదులిచ్చి, చెక్కు పుచ్చుకుని, బ్యాంకులో వేస్తే అది వెనక్కొచ్చినవాళ్లు. టిఫిన్ డబ్బా, కేసు కాగితాల ప్లాస్టిక్ కవరు పట్టుకుని, పిలుపు వినబడదేమోనని మూత్రానికి కూడా పోకుండా కూర్చుంటారు. మధ్యాహ్నానికి తేలేది చాలాసార్లు ఒకటే: వాయిదా. పైగా ప్లీడరు గుమస్తా నుంచి పక్క బెంచీ పెద్దాయన దాకా అందరూ చెప్పేది, ‘కాస్త ఓపిక పట్టాలండీ’.

ఆ ఓపికకు లాభం ఎవరికి? బాకీ ఉన్నవాడికి. సాగినకొద్దీ డబ్బు వాడి దగ్గరే ఉంటుంది. ఇలాంటి కేసుల విచారణ ఫిర్యాదు చేసిన 6 నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని 2002 సవరణతో చట్టంలోనే రాసుకున్నాం. దేశంలో కింది కోర్టుల్లో మూలుగుతున్న కేసులు 4 కోట్ల పైమాటే. ఆలస్యానికి ఎంతోకొంత ధర కట్టాలని పార్లమెంటుకూ తోచి, 2018లో మరో సవరణ తెచ్చింది: చెక్కు ఇచ్చినవాడు నేరం ఒప్పుకోకపోతే, చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం ఇప్పించవచ్చు. అది కావాలంటే మళ్లీ పిటిషన్ వేసుకోవాలి. దానికి ఎదుటివాళ్లు కౌంటర్ వేయాలి. కౌంటర్‌కు టైం కావాలంటారు, ఓ వాయిదా.