పెద్దగట్టు జాతర – గొల్ల కళారూపాలకు జీవగర్ర

సూర్యాపేట సమీపంలోని దురాజ్‌పల్లి గుట్టపై రెండేళ్లకొకసారి జరిగే శ్రీ లింగమంతుల స్వామి జాతర, తెలంగాణలో మేడారం తరువాత అతి పెద్ద జాతరగా ప్రసిద్ధి గాంచినది. పెద్దగట్టు జాతరగా, గొల్లగట్టు జాతరగా వ్యవహరించే ఈ ఉత్సవం యాదవుల ఇలవేల్పు పండుగ. ఆదివారం ప్రారంభమై ఐదు రోజులు కొనసాగుతుంది. 2025లో ఫిబ్రవరి 16 నుండి 20 వరకు జరిగినది. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి గుట్ట పక్కనుండే సాగుతున్నందున, భక్తుల రద్దీ దృష్ట్యా ఆ రోజులలో వాహనాలను నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడల మీదుగా మళ్లించడం పరిపాటి.

భక్తి ఉత్సవమైన ఈ జాతర, తరతరాల గొల్ల ప్రదర్శన కళలకు వేదిక కూడా. కేసారం గ్రామం నుండి దేవరపెట్టెను గుట్టకు తరలించడంతో వేడుక ఆరంభమవుతుంది. గజ్జెల లాగులు ధరించి, కటార్లు చేతబట్టి, భేరీల మోతకు అనుగుణంగా అడుగులు వేస్తూ ‘ఓ లింగా’ అని యాదవులు చేసే నినాదాలతో గుట్ట మార్మోగుతుంది. మూడవ రోజున చంద్రపట్నం వేస్తారు. రంగుల ముగ్గులతో తీర్చిన ఆ పట్నం వద్ద బైకాన్లు స్వామివారి కథను గానం చేస్తారు. కథకుడు, వాద్యకారుడు, పూజారి అనే భేదం ఇక్కడ కనిపించదు. కథ చెప్పడమే అర్చన.

మల్లన్న, బీరప్ప కథలను గానం చేసే ఒగ్గు కథ కూడా గొల్ల కురుమల సంప్రదాయమే. ఈ కళలో ఖ్యాతి గడించిన చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. భుజాన గొంగడి, చేత కర్రతో ప్రదర్శించే గొల్ల సుద్దులు మరొక ప్రసిద్ధ రూపం. ఉమ్మడి నల్లగొండ జిల్లాకు చెందిన ప్రజాకవి సుద్దాల హనుమంతు, తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఈ రూపాన్ని స్వీకరించి పోరాట సందేశాన్ని పల్లెపల్లెకు చేరవేశారు. పశువుల కాపరుల పలుకుబడిలో సాగే ప్రశ్న, జవాబు, హాస్యం సామాన్యులకు సులభంగా అర్థం కావడమే ఇందుకు కారణం.

నేడు ఈ కళలు సభావేదికలపైన, ప్రభుత్వ ప్రచార కార్యక్రమాలలోను కనిపిస్తున్నవి. అది కళాకారులకు గుర్తింపును, కొంత ఉపాధిని కల్పిస్తున్నది. అయితే వేదికపై లభించే కొద్ది నిమిషాలలో ఒక ఘట్టం మాత్రమే ఇముడుతుంది. రాత్రంతా సాగే కథ ఇమడదు. మౌఖికంగా వచ్చే కథను గ్రంథం చూసి నేర్వడం సాధ్యం కాదు. పెద్దల వెనుక నిలిచి వంత పాడుతూ, పట్నం వేయడంలో చేయి కలుపుతూ, ఏళ్ల తరబడి వింటేనే అది పట్టుబడుతుంది. చదువులకు, ఉద్యోగాలకు పట్టణాలకు తరలిన యువతకు అటువంటి అవకాశం తగ్గుతున్నది.

ఈ కారణంగానే పెద్దగట్టు వంటి జాతరకు ప్రాధాన్యం ఏర్పడుతున్నది. వలస వెళ్లిన కుటుంబాలు సైతం బిడ్డలతో సహా గుట్టకు చేరుకుంటాయి. పూర్తి కథను, దానిని ఆచారంగా వినే శ్రోతలను ఒకేచోట కలిపేది ఈ జాతరే. రహదారి, తాగునీరు, విద్యుత్తు వంటి ఏర్పాట్లతో పాటు, పెద్దల కంఠాలలోని కథలను పూర్తిగా ధ్వనిముద్రణ చేయడం, శిష్యులను తయారుచేసే కళాకారులకు చేయూతనివ్వడం కూడా అంతే అవసరం. జాతరకు వచ్చే వారు దర్శనానంతరం చంద్రపట్నం వద్ద కొంతసేపు కూర్చుని కథ వినడమే ఈ కళకు లభించగల మొదటి ఆదరణ.